తెలుపు అంటే తెలియదు

"అర్థమైందా?" అని అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "అర్థమైందండీ" అని తలలూపేవాళ్ళని చూస్తే ఇంకా మండుతుంది. ఈ రెండు ముక్కల మధ్యా పందొమ్మిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసు పని కొండల్ని పరీక్షించడం. నా పని ఆ పరీక్షల్ని మ్యాపుల మీద రంగులుగా మార్చడం. కొండలో ఏ చోట చరియ విరిగిపడే ప్రమాదం ఎక్కువో అక్కడ ఎరుపు, ఓ మోస్తరుగా ఉంటే పసుపు, తక్కువగా ఉంటే ఆకుపచ్చ. అందుకే మా అక్క మొగుడు నన్ను రంగులమ్మా అని పిలుస్తాడు.

మా బావగారిది ఇటునుంచి బస్సులో నాలుగు గంటల దూరంలో కొండల మీదున్న ఊరు. అక్కడి విపత్తుల ఆఫీసుకి ఆయనే అధికారి. వరదొస్తే పడవలు, నిప్పంటుకుంటే ఇంజన్లు, వానలు ముదిరితే జనాన్ని ఇళ్ళలోంచి లేపి శిబిరానికి తోలడం ఆయన బాధ్యత. మేం తెలుసుకున్నది ఆయనలాంటి వాళ్ళకి తెలియజెప్పడం మా బాధ్యత. కాగితం మీద మాట ఇది.

పోయిన వేసవిలో అలాంటివాళ్ళని ముప్పై మందిని పిలిచి మా హాల్లో రోజంతా సదస్సు పెట్టారు. పెట్టింది డాక్టరుగారు. మందులిచ్చే డాక్టరు కాదు, కొండచరియల మీద ఇటుకంత లావు పుస్తకం రాసి డాక్టరైన మనిషి, మా అందరికీ పై అధికారి. ఒక్కొక్కరికీ వాళ్ళ ప్రాంతం మ్యాపు అద్దం ఫ్రేము కట్టించి ఇవ్వాలని ఆయన ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట దగ్గరే ఈ కంపంతా మొదలైంది.

మ్యాపుల్లో అక్కడక్కడా బూడిదరంగు గీతలుండేవి. మావాళ్ళు కాలు పెట్టని చోట్లకి ఆ గీతలు వేసి, కింద సూచికలో "పరిశీలన జరగలేదు" అని రాసేదాన్ని. డాక్టరుగారు నా కుర్చీ వెనక నిలబడి కంప్యూటరు తెర వంక చూసి మొహం చిట్లించారు.

"ఏంటమ్మా ఈ బూడిద? ఎవరో తుడవడం మర్చిపోయినట్టుంది. పని సగంలో వదిలేశారనుకుంటారు. తీసెయ్యి."

"తీసేసి ఏ రంగు వెయ్యమంటారండీ?"

"ఏ రంగూ వద్దు. తెల్లగా వదిలెయ్. కింద సూచికలో ఎలాగూ ఉంటుందిగా."

నేను వదిలేశాను. ఒక్క మీట నొక్కితే ముప్పై మ్యాపుల్లో బూడిదంతా పోయి తెల్లబడింది. మనసులో ఏదో గుచ్చుకుంది. నోరు మాత్రం "సరేనండీ" అంది. ఆ నోటికి అదొక్కటే వచ్చు.

రెండ్రోజుల తర్వాత ఫ్రేములు కట్టేవాడు వచ్చాడు. ఫ్రేములన్నీ ఒకే కొలత, మ్యాపులు మాత్రం ఓ జానెడు పొడుగెక్కువ. "కింద ఈ రాతలున్న ముక్క కోసెయ్యనా సార్? అప్పుడు అచ్చం సరిపోతుంది," అన్నాడు. డాక్టరుగారు ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యి ఊపారు. ఆ చెయ్యూపుకి అర్థం కోసెయ్యమనే. ముప్పై సూచికలు, ముప్పై కాగితపు పేలికలు, మా చెత్తబుట్టలో పడ్డాయి. ఏ రంగుకి ఏమర్థమో చెప్పే ముక్క చెత్తబుట్టలో, రంగులు మాత్రం అద్దం వెనక! ఆ బుట్ట బయటపెట్టింది కూడా నేనే.

సదస్సు ఘనంగా జరిగింది. డాక్టరుగారు అరవై నాలుగు స్లైడ్లు చూపించారు. వెనకాల ప్రొజెక్టరు దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ మార్చింది నేనే కనక నాకు లెక్క తెలుసు. పదిహేడో దానిలో, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో "తెలుపు: సమాచార రాహిత్యం" అని ఉంది. దాని మీద ఆయన నిలబడింది నాలుగు సెకన్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. వినేవాళ్ళ చెవులు బాగానే ఉన్నాయి, ఊదేవాడే శంఖాన్ని తిరగేసి పట్టుకున్నాడు.

"అర్థమైందా?"

"అర్థమైందండీ," అన్నారు ముప్పై మంది. అందులో మా బావ గొంతు అందరికన్నా పెద్దది. పన్నెండున్నర అయింది, పక్కగదిలో మూకుళ్ళ మూతలు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఈ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. పదో రోజున అక్క ఫోను చేసింది.

"మీ బావ ఇంటి మొహం చూసి మూడ్రోజులైందే. వాగు పక్కన ఇళ్ళు ఖాళీ చేయించి జనాన్నంతా శిబిరంలో పెట్టారు. అరవై రెండు కుటుంబాలు. తిండీ తిప్పలూ అక్కడే."

"శిబిరం ఎక్కడే?"

"ఊరి చివర, కొండ కింద పాత గోదాముంది చూడు, అక్కడ. ఇదివరకు బళ్ళో పెట్టేవారు. ఈసారి మీ మ్యాపు చూసే మార్చారట. బడి దగ్గర పసుపు, ఇక్కడ ఒక్క మచ్చ కూడా లేదు, మల్లెపువ్వులా తెల్లగా ఉంది అని ఒకటే పొగడ్త. నా మరదలు వేసిన రంగులు అని అందరికీ చూపిస్తున్నాడులే."

తెరమీద ఆ ఊరి మ్యాపు తెరిచి గోదాము వెతికాను. తెల్లటి ముక్క నడిబొడ్డున ఉంది. దాని పక్కన ఎరుపు వచ్చి గీత గీసినట్టు ఆగిపోయింది. చరియలు విరిగే కొండకి హద్దురాయి పాతి ఇక్కడితో ఆగమంటే ఆగుతుందా? అక్కడ ఆగింది కొండ కాదు, మావాళ్ళు. ఎందుకు ఆగారో చూద్దామని బీరువాలోంచి ఆ సర్వే నోటుపుస్తకం తీశాను. మావాళ్ళు ఆ కొండకి వెళ్ళిన తేదీ కింద ఒక్కటే వాక్యం ఉంది. "జలగలు ఎక్కువ. వెనక్కి వచ్చాం."

రెండుసార్లు చదివాను. అరవై రెండు కుటుంబాల తలరాత రాసింది జలగలు. ఆ పుస్తకం పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్ళాను.

ఆయన అంతా విన్నారు. వింటూ కళ్ళజోడు తుడుచుకున్నారు.

"వాళ్ళు మనల్ని అధికారికంగా అడిగారా?"

"అడగలేదండీ. తెలుపంటే క్షేమం అనుకున్నారు."

"అలా అని మనం చెప్పామా? పదిహేడో స్లైడు చూసుకోమను. శాస్త్రవేత్తగా మనం సమాచారం ఇస్తాం, నిర్ణయం వాళ్ళది. రేపు నువ్వు చెప్పావని జనాన్ని కదిలిస్తే, ఏమీ జరక్కపోతే, మన పరువేం కావాలి? అయినా అది వాళ్ళ శాఖ పని. కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

కందకి దురద లేకపోవడమేమిటి, కందకి తన కింద మట్టి కదులుతోందని తెలీదు, అంతే. ఈ మాట ఆయన మొహం మీద అనలేదు. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి బావకి ఫోను చేశాను.

"ఏం రంగులమ్మా! నీ పుణ్యమా అని ఈసారి నిశ్చింతగా ఉన్నాం," అన్నాడు. వెనకాల పిల్లల గోల, గిన్నెల చప్పుడు.

"బావగారూ, తెలుపంటే ఏమనుకున్నారు?"

"తెలుపంటే తెలుపే. శుభ్రం. మచ్చలేనిది."

"తెలుపంటే తెలియదని, బావా! అక్కడ మావాళ్ళు అడుగే పెట్టలేదు."

నవ్వాడు. "తెలియదంటే ప్రమాదం ఉందని కాదుగా?"

"లేదని కూడా కాదుగా!"

"చూడు మరదలా, పసుపులో ఉన్న బళ్ళోకి వీళ్ళని మళ్ళీ తోలితే మా పై అధికారి నా తోలు తీస్తాడు. తెలుపులోంచి పసుపులోకి మార్చడమేంట్రా, మతి పోయిందా అంటాడు. వాన్లో ముసలీ ముతకా, చంటిపిల్లలు. ఏం చెప్పి లేపను? మా మరదలికి తెలియదట, లేవండి అననా?"

ఆయన మాటలో తప్పు లేదు. అదే నా ఏడుపు. ఉన్న తప్పంతా నా చేతిలో, నా వేలికింద మీటలో ఉంది. అరిచి లాభం లేదని గొంతు తగ్గించాను. పందొమ్మిదేళ్ళు ఆ గదిలో కూర్చుని వినగా వినగా నాకూ నాలుగు ముక్కలు తెలుసు. కొండ కదిలే ముందు దాని కింద కట్టిన గోడలు పక్కకి ఒరుగుతాయి. గోడ వెంట్రుకవాసి ఒరిగినా ముందు చెప్పేవి తలుపులు.

"గోదాము తలుపులు సరిగ్గా పడుతున్నాయా?"

"అదెందుకిప్పుడు? పడ్డం లేదు. వానకి చెక్క ఉబ్బింది. వడ్రంగిని పిలిచి రెండుసార్లు చిత్రిక పట్టించాం. ఇవాళ పొద్దున మళ్ళీ బిగుసుకుంది."

"మరి కిటికీలు?"

"అవీ అంతే. వెనకవైపు రెండు కిటికీలు అసలు తెరుచుకోవడం లేదు. ఉక్కపోస్తోందని ఆడవాళ్ళు గోల."

"కిటికీలు కూడా చెక్కవేనా?"

"కాదు, ఇనప..." అని ఆగాడు.

నేనడిగాను. "వానకి ఇనుము ఉబ్బుతుందా బావా?"

ఆయన ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని నీళ్ళలోంచీ నిప్పులోంచీ లాగినవాడు. స్లైడ్లు అర్థం కాకపోవచ్చు, తలుపు అర్థమవుతుంది. "ఉంటానమ్మా," అని పెట్టేశాడు. రంగులమ్మా అనలేదు.

మధ్యాహ్నం మూడు కల్లా అరవై రెండు కుటుంబాలనీ ఊరి మధ్యలో సినిమా హాల్లోకి మార్చాడు. అది పసుపే. పసుపని తెలిసిన చోటు, వెనక కొండ లేని చోటు. మార్చేటప్పుడు తిట్లకి లెక్కలేదని అక్క చెప్పింది. బట్టలు కుట్టుకునే ఆవిడొకత్తె మిషను లేనిదే కదలనని కూర్చుంటే, దాన్ని మోసుకెళ్ళే టైము లేదని చెయ్యి పట్టి లాక్కొచ్చారట. ఆవిడ దారి పొడుగునా మా బావ ఏడు తరాలనీ దులిపేసిందట. పై అధికారి ఫోన్లో "గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకున్నావు, అనుభవించు" అని సంజాయిషీ అడుగుతూ కాగితం పంపాడు.

ఒక రోజు గడిచింది. ఏమీ కాలేదు. రెండో రోజు కొంతమంది గోదాముకి తిరిగి వెళ్ళిపోతామని గొడవ. బావ హాలు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకి కొండ జారింది. పెద్ద చప్పుడు కూడా లేదట, బండి మీద ఇసక దింపినట్టు జారిందట. గోదాము వెనక గోడ పడిపోయి బురద ముందు తలుపు దాకా వచ్చింది. చిత్రిక పట్టించిన తలుపు మాత్రం నిలబడే ఉంది. మనుషులెవరూ లేరు. కుట్టుమిషను పోయింది.

ఆ సాయంత్రం నేను గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఎవరూ చావలేదని ఏడ్చాను. ఇక్కడితో అయిపోతే ఇది రాయాల్సిన పనే లేదు.

మర్నాడు డాక్టరుగారు స్వీట్లు తెప్పించారు. పేపరువాళ్ళు వచ్చారు. "శాస్త్ర విజ్ఞానం క్షేత్రస్థాయికి చేరితే ఎలాంటి ఫలితం ఉంటుందో ఇదే నిదర్శనం," అని ఫొటో దిగారు. వాళ్ళు వెళ్ళాక నా కుర్చీ వెనకకొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఆ ఊరి మ్యాపులో చిన్న సవరణ. ఆ తెల్లముక్క ఎరుపు చేసెయ్. వచ్చేవారం మళ్ళీ సదస్సు, ఆ ముప్పై మందీ వస్తున్నారు. అది చూపించాలి."

"కొత్త తేదీ వెయ్యనాండీ?"

"తేదీ కదపకు," అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, కిటికీ వెయ్యకు అన్నట్టు అన్నారు.

ఆయన మీద ఎంత రోత పుట్టిందో చెప్పలేను. ఆ రోత సగం కూడా దిగకముందే నా వేలు మీట నొక్కింది. అవును, మార్చాను. రెండోసారి కూడా మార్చాను. నన్ను చూసి నాకు వేసిన అసహ్యం ముందు డాక్టరుగారెంత! ఆ కొత్త ఎరుపు చూస్తూ కాసేపు కూర్చుని బావకి ఫోను చేశాను.

"బావగారూ, మీ గోడమీద ఆ ఫ్రేము ఉందా?"

"ఉంది. దించి బద్దలు కొడదామనుకున్నా."

"కొట్టకండి. వచ్చేవారం వస్తున్నారుగా, తీసుకురండి."

వారం తిరిగేసరికి అదే హాలు, అవే కుర్చీలు, అదే ముప్పై మంది. డాక్టరుగారు తెరమీద మ్యాపు చూపించారు. గోదాము చుట్టూ ఎర్రగా ఉంది. "చూశారా, ఏడాది కిందటే మేం ఎరుపు గుర్తు పెట్టాం. మీరు సకాలంలో చదివారు. విజ్ఞానం పంచుకోవడమంటే ఇదే. అర్థమైందా?"

ముప్పై నోళ్ళు తెరుచుకోబోతుంటే బావ లేచాడు. ఒళ్ళో పాతదుప్పటి చుట్టి పెట్టుకున్న ఫ్రేము బయటికి తీసి, రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"నాకు అర్థం కాలేదండీ," అన్నాడు. ఆ హాల్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. "మీరు నాకిచ్చింది ఇది. ఇక్కడ తెలుపుంది. మీ తెరమీద ఎరుపుంది. రెంటి మీదా తేదీ ఒకటే. ఇందులో ఏది చదివి నేను జనాన్ని మార్చానంటారు?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడిచారు. "అది ముద్రణలో దొర్లిన లోపం. మా డ్రాయింగువాళ్ళ పొరపాటు," అని వెనక్కి, ప్రొజెక్టరు వైపు, నా వైపు చెయ్యి చూపించారు. ఫ్రేములవాడికి ఊపిన చెయ్యే అది.

ముప్పై తలలు వెనక్కి తిరిగాయి. "సరేనండీ" అనే నోరు ఎండిపోయింది. లేచి నిలబడ్డాను.

"లోపం కాదండీ. మార్చమన్నారు, మార్చాను. ముందు బూడిదరంగు తీసి తెల్లగా చేశాను, తర్వాత తెలుపు తీసి ఎర్రగా చేశాను. రెండుసార్లూ నా చేత్తోనే. మీ ఫ్రేముల్లో కింద ముక్క కోసేశారు, అందులో రాసుంది తెలుపంటే ఏమిటో. తెలుపంటే క్షేమం కాదు. తెలుపంటే మేం అక్కడికి వెళ్ళలేదని. జలగలున్నాయని వెనక్కొచ్చేశామని. తెలుపంటే మాకు తెలియదని."

ఎవరో కిసుక్కున నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. డాక్టరుగారు గోడ గడియారం చూసి, "ఈ విషయం మనం అంతర్గతంగా చర్చిద్దాం. భోజనాలు చల్లారిపోతున్నాయి," అన్నారు. కుర్చీలు కదిలాయి. పక్కగదిలో మూతల చప్పుడైంది. ఇంతేనా అనిపించింది. ఇంత కక్కినా వీళ్ళకి ఆకలేస్తోందా అని, వైరు చుట్టుకుంటూ నేలకేసి చూస్తూ ఉండిపోయాను.

"అమ్మా," అని వినిపించింది. సముద్రం వైపు ఊరి నుంచి వచ్చిన అధికారి, జుట్టు నెరిసిన మనిషి. వాళ్ళ ఫ్రేముని ఫొటో తీసి పెట్టుకున్నట్టున్నాడు. ఫోను నా మొహం ముందు పెట్టి, రెండు వేళ్ళతో సాగదీసి, ఒకచోట గోరు ఆనించాడు.

"ఇక్కడ మా ఆసుపత్రి ఉందమ్మా. కొత్తగా కట్టాం. స్థలం ఈ మ్యాపు చూసే ఎంచుకున్నాం. ఇది తెలుపేనా?"

"తెలుపేనండీ."

"అంటే?"

"తెలియదండీ."

ఆయన కదల్లేదు. ఆయన భుజం మీంచి ఇంకో చెయ్యి, ఇంకో ఫోను వచ్చింది. ఇక్కడ బడి. దాని వెనక ఇంకొకటి. ఇక్కడ పిల్లల హాస్టలు, ఇక్కడ నీళ్ళ ట్యాంకు, ఇక్కడ మా శిబిరం. బావ ఫ్రేము గోడకి ఆనించి, ఒక కాగితమ్మీద వాళ్ళ ఊళ్ళు వరసగా రాసుకోవడం మొదలుపెట్టాడు. మొత్తం ముప్పై ఫ్రేములు పంచాం. ఆ మధ్యాహ్నం నా ముందు వరసలో నిలబడ్డవాళ్ళు ఇరవై రెండు మంది. మిగతావాళ్ళు భోజనం చేస్తున్నారు.